ఊరూ పేరూ లేని నత్త

నా బీరువాలో ఒక చిన్న గాజు సీసా ఉంది. అందులో మూడు గవ్వలు. ఒక్కొక్కటి గోరంత పొడవు, కదురులా రెండు కొసలా సన్నబడి, ఒంటి చుట్టూ సన్నని నొక్కులతో ఉంటుంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జువాలజీ చదివే రోజుల్లో, ఫిషింగ్ హార్బర్‌లో ఒక రొయ్యల బోటు వల దులిపినప్పుడు పడిన చెత్తలోంచి వాటిని ఏరుకున్నాను. చాలా లోతులోంచి వచ్చాయని బోటు డ్రైవరు చెప్పాడు. ఎన్ని బారల లోతో, ఏ ఊరికి ఎదురుగా వల వేశారో అడిగి, కాగితం ముక్క మీద రాసి, గవ్వలతోపాటే ఆ చీటీని కూడా స్పిరిట్ సీసాలో వేశాను. బాల్‌పెన్నుతో రాశాను.

రెండు నెలల తర్వాత చూస్తే సీసాలో స్పిరిట్ లేత నీలంగా ఉంది. కాగితం తెల్లగా ఉంది.

మా మేష్టారు సీసాను వెలుతురుకి ఎత్తి చూసి, "ఊరు పోయింది కదమ్మా. ఇంక వీటికి పేరు కూడా రాదు" అన్నారు. కోప్పడలేదు. జేబులోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు. స్పిరిట్‌లో వేసే చీటీని పెన్సిలుతోనే రాయాలి. పెన్ను సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత నిలబడుతుంది. నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

ఆ మూడు గవ్వలు ఏ జాతివో ఇప్పటికీ చెప్పలేను. ఎవరో ఎప్పుడో పేరు పెట్టినవే కావచ్చు, ఇంతవరకూ ఎవరి కంటా పడనివీ కావచ్చు. ఎక్కడ దొరికిందో చెప్పలేని నమూనాను ఆధారం చేసుకుని కొత్త జాతిని వర్ణించడానికి మాత్రం ఎవరూ సాహసించరు. 'ఊరూ పేరూ లేని' అని మనం మామూలుగా అనేస్తుంటాం కానీ, వర్గీకరణ శాస్త్రంలో ఆ రెండు మాటలూ ఆ వరసలోనే వస్తాయి. ముందు ఊరు తెలియాలి, ఆ తర్వాతే పేరు.

లోతు సముద్రంలో కొత్త జంతువు కనిపించిందని అప్పుడప్పుడూ వార్త వస్తుంది. ఫొటో చూసి ఆశ్చర్యపోతాం, నలుగురికీ పంపిస్తాం, పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పటికి మొదలే కాలేదు. ఆ జంతువును పక్కాగా గుర్తించి, వర్ణించి, పేరు పెట్టేదాకా అది ఏ లెక్కలోకీ రాదు, ఏ చట్టానికీ కనపడదు. మన దేశం ఖనిజాల కోసం లోతు సముద్రానికి బయల్దేరుతున్న ఈ సమయంలో, పేర్లు పెట్టగలిగే మనుషుల్ని కూడా వెంట తీసుకెళ్లాలని, వాళ్ల పని అయ్యేదాకా తవ్వకం మొదలుపెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికి ఒక నత్త కథ చెప్పాలి.

ఇది మన హిందూ మహాసముద్రపు నత్తే. మారిషస్‌కు తూర్పున, సముద్రం అడుగున పొడవాటి పర్వతాల వరుస ఉంది. భూమి పలకలు అక్కడ మెల్లగా విడిపోతుంటాయి. పగుళ్లలోకి ఇంకిన సముద్రపు నీరు కింది వేడికి కాగి, రాళ్లలోని లోహాలనూ గంధకాన్నీ కరిగించుకుని, మూడు వందల డిగ్రీలు దాటిన వేడితో పైకి చిమ్ముతుంది. చల్లటి నీరు తగలగానే ఆ లోహాలు నల్లటి పొగలా విడిపోయి, ఆ వేడినీటి బుగ్గ చుట్టూ గొట్టాల్లా గడ్డకడతాయి. ఇలాంటి బుగ్గల చోటు ఒకదాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2000లో కనుక్కున్నారు. దాని పేరు కైరేయ్. మరుసటి ఏడు, 2001లో, అక్కడికి వెళ్లిన అమెరికన్ బృందానికి సుమారు 2,400 మీటర్ల లోతున ఒక విచిత్రమైన నత్త దొరికింది.

దాని పాదం చుట్టూ పెంకుటింటి కప్పులా ఒకదాని మీదికొకటి ఎక్కిన నల్లటి పొలుసులు. ఆ పొలుసుల మీద, గవ్వ మీద పట్టి ఉన్నది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. అందులో పైరైట్ ఉంది, గ్రెగైట్ ఉంది. గ్రెగైట్ ఉండటం వల్ల ఈ నత్తను అయస్కాంతం లాగుతుంది. ఇనుప సల్ఫైడుతో ఒంటికి తొడుగు కట్టుకున్న జంతువు ఈ భూమ్మీద ఇంకొకటి మనకు తెలియదు.

2003లో సైన్స్ పత్రికలో ఆండర్స్ వారెన్, ఆయన సహచరులు దీని గురించి రాశారు. ఎక్కడెక్కడివాళ్లో చదివారు. 2010లో అమెరికాలోని ఎంఐటీ ఇంజినీర్లు ఈ గవ్వలోని మూడు పొరలను పరీక్షించారు. పైన ఇనుప సల్ఫైడు, మధ్యలో మెత్తటి సేంద్రియ పొర, లోపల మామూలు గవ్వల్లో ఉండే సున్నపు పొర. మనుషులకు కవచాలు తయారుచేయడంలో ఈ అమరిక ఎలా పనికొస్తుందో వాళ్లు పరిశోధనా వ్యాసం రాశారు. అంత ప్రసిద్ధి చెందిన నత్తకు అప్పటికింకా పేరు లేదు. అందరూ 'పొలుసుల పాదం నత్త' అనేవారు. ఒక లాటిన్ పేరు అనధికారికంగా చెలామణీ అయ్యేది కానీ దాని వెనక వర్ణన లేదు. అలాంటి పేరును వర్గీకరణవేత్తలు నోమెన్ న్యూడమ్ అంటారు, అంటే బట్టలు లేని పేరు. అది చెల్లదు.

చెల్లే పేరు 2015లో వచ్చింది. చోంగ్ చెన్, కాట్రిన్ లిన్స్, జొనాథన్ కాప్లీ, అలెక్స్ రోజర్స్ కలిసి దీన్ని కొత్త ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా), అందులో కొత్త జాతిగా వర్ణించి క్రైసోమాల్లన్ స్క్వామిఫెరమ్ అని పేరు పెట్టారు. మొదటి మాటకు గ్రీకులో బంగారు జుట్టు కలదని అర్థం, పైరైట్ బంగారంలా మెరుస్తుంది కాబట్టి. రెండో మాటకు లాటిన్‌లో పొలుసులు మోసేది అని. కంటపడిన పద్నాలుగేళ్లకు బారసాల జరిగిందన్నమాట.

పద్నాలుగేళ్లు మరీ ఎక్కువ అనిపిస్తుంది. కానీ 2012లో ఒక ఫ్రెంచ్ బృందం లెక్క కట్టింది. ఒక కొత్త జాతి నమూనా మొదటిసారి మనిషి చేతికి చిక్కిన రోజు నుంచి దానికి పేరు అచ్చయ్యే రోజు దాకా సగటున 21 ఏళ్లు పడుతోందట. ఆ 21 ఏళ్లూ నమూనా ఏ మ్యూజియం అల్మారాలోనో సీసాలో నిద్రపోతుంటుంది. అంటే మన నత్త అదృష్టవంతురాలే.

ఎందుకింత ఆలస్యం అని నా విద్యార్థులు అడుగుతుంటారు. నేనొక జవాబు చెప్తాను: కొత్తది అని చెప్పాలంటే పాతవన్నీ తెలిసుండాలి. ఒక నత్త చేతికొస్తే ముందు గవ్వ కొలతలు తీసుకుంటారు, చుట్లు లెక్కపెడతారు. శిఖరం దగ్గర ఆవగింజంత కూడా ఉండని పుట్టుగవ్వను మైక్రోస్కోపులో చూస్తారు. పిల్లదశలో ఆ నత్త నీటిలో ఎన్నాళ్లు కొట్టుకుపోతూ బతికిందో దాన్నిబట్టి ఊహించవచ్చు. తర్వాత నోట్లోని రాడ్యులా. అది ఆకురాయిలాంటి నాలుక, దాని మీద వరసలు వరసలుగా పళ్లుంటాయి. మాంసాన్ని బ్లీచింగ్ ద్రావణంలో కరిగించి ఆ పళ్ల పట్టీని బయటికి తీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడతారు. పళ్ల అమరికను బట్టి అది ఏ కుటుంబపుదో తెలుస్తుంది. గవ్వను మూసే మూత చూస్తారు. డీఎన్ఏ తీస్తారు. ఇదంతా అయ్యాక అసలు కష్టం మొదలవుతుంది. ఆ కుటుంబంలో ఇంతకుముందు పేరు పెట్టిన ప్రతి నత్తతోనూ పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని చూపించాలి. ఆ పాత నమూనాలు లండన్‌లో ఉండొచ్చు, పారిస్‌లో ఉండొచ్చు, కోల్‌కతాలో ఉండొచ్చు. వాటి వర్ణనలు నూట ముప్పై ఏళ్ల కిందటి పత్రికల్లో ఉండొచ్చు.

నా గవ్వల విషయంలో నాకు ఎదురైంది ఇదే. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక బంగాళాఖాతంలో లోతుల్లో వల లాగి తెచ్చిన నత్తలను లండన్‌లో ఎడ్గర్ స్మిత్ అనే ఆయన వర్ణించాడు. మన తీరానికి ఎదురుగా ఉన్న లోతుల గురించి తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ వర్ణనల దగ్గరికే వెళ్లాలి. నేను చదివిన చోట ఆ సంపుటాలు లేవు. మేష్టారి దగ్గర కొన్ని పేజీల జిరాక్స్ మాత్రం ఉండేది, బొమ్మలు నల్లగా అలుక్కుపోయి. ఇవాళ ఆ పాత పత్రికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. డిగ్రీ పిల్ల ఫోన్‌లో చూసుకోవచ్చు. ఇది ఎంత పెద్ద మార్పో ఆ జిరాక్సుల రోజులు తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.

డీఎన్ఏ చదివే యంత్రాలు వచ్చాక ఇంకా ఈ గవ్వలు, పళ్లు ఎందుకని కొందరంటారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. ఆ సగాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే మన పొలుసుల నత్త కథలోనే దానికి సాక్ష్యం ఉంది. 2009లో కైరేయ్‌కి దూరంగా సొలిటెయిర్ అనే మరో బుగ్గల దగ్గర ఇలాంటి నత్తే కనిపించింది. ఆకారం అదే, పొలుసులూ అవే, కానీ తెల్లగా ఉంది. ఇనుప తొడుగే లేదు. చూసినవాళ్లెవరైనా ఇది వేరే జాతి అనుకుంటారు. జన్యువులు చూస్తే రెండూ ఒకటే జాతి. సొలిటెయిర్ బుగ్గ నీళ్లలో ఇనుము తక్కువ. నీళ్లలో లేనిది ఒంటి మీదికి ఎక్కడి నుంచి వస్తుంది? తొందరపడి ఎవరైనా తెల్లదానికి వేరే పేరు పెట్టి ఉంటే, ఒకే నత్త రెండు పేర్లతో పుస్తకాలకు ఎక్కేది.

దీనికి తిరగబడిన కథ ఆల్వినికాంకా అనే నత్తలది. ఇవీ వేడినీటి బుగ్గల దగ్గరే ఉంటాయి, గవ్వ మీద నూగు వెంట్రుకలుంటాయి. 1988లో మరియానా ప్రాంతం నుంచి ఒక జాతికి పేరు పెట్టారు. తర్వాత ఇతర చోట్ల దొరికినవి చూడటానికి ఒకేలా ఉన్నా జన్యువుల్లో బాగా తేడా కనిపించింది. గవ్వ చూసి విడదీయడం కుదరక, డీఎన్ఏ ఆధారంతోనే వాటిని అయిదు కొత్త జాతులుగా వర్ణించారు. అందులో హిందూ మహాసముద్రానిది మారిస్ఇండికా. ఇక్కడ గవ్వ చేతులెత్తేసింది, డీఎన్ఏ పని పూర్తిచేసింది.

అయినా నేనొకటి అడుగుతాను. యంత్రం డీఎన్ఏలోని నాలుగు రకాల అక్షరాలతో అల్లిన పొడవాటి వరస ఇస్తుంది. ఆ వరస దేనిదో చెప్పాలంటే, పేరు తెలిసిన నమూనాలోంచి తీసిన వరస ఇంకొకటి పక్కన ఉండాలి. ఆ నమూనాకు పేరు పెట్టిన మనిషి ఉండాలి, దాన్ని సీసాలో పెట్టి, పెన్సిలుతో ఊరు రాసి, అల్మారాలో భద్రపరిచిన మ్యూజియం ఉండాలి. ఆల్వినికాంకా విషయంలోనూ చివరికి నమూనాలు ఎంపిక చేసి, వర్ణన రాసి, పేర్లు పెట్టక తప్పలేదు. డీఎన్ఏ వర్గీకరణవేత్త చేతిలో మంచి పనిముట్టు. ఆ చెయ్యే లేకపోతే పనిముట్టు ఏం చేస్తుంది?

వర్ణించడమంటే పేరు అతికించడం ఒక్కటే కాదని కూడా ఈ నత్తే నాకు నేర్పింది. పేరు పెట్టిన ఏడాదే చోంగ్ చెన్, ఆయన సహచరులు దాని లోపలి అవయవాలను క్షుణ్ణంగా పరిశీలించి మరో వ్యాసం రాశారు. ఈ నత్త దాదాపు ఏమీ తినదు. జీర్ణనాళం కుంచించుకుపోయి ఉంటుంది. అన్నవాహికకు అతుక్కున్న గ్రంథి మాత్రం విపరీతంగా పెరిగి, నిండా బాక్టీరియా. బుగ్గ నీళ్లలోని రసాయనాల నుంచి ఆ బాక్టీరియా ఆహారం తయారుచేస్తుంది, నత్త దాంతో బతుకుతుంది. లోపలి బాక్టీరియాకు ఆక్సిజన్ అందించడానికి దీనికి పెద్ద గుండె కావాల్సొచ్చింది, మొత్తం ఒంటి పరిమాణంలో సుమారు 4 శాతం. నాలుగైదు సెంటీమీటర్ల నత్తకు! 2019లో ఒక జపాన్ బృందం పొలుసుల లోపల సన్నని నాళాల్లాంటివి ఉన్నాయని, వాటి గుండా ఒంట్లోని గంధకం బయటికి వస్తుందని, అది బుగ్గ నీళ్లలోని ఇనుముతో కలిసి ఖనిజంగా మారుతుందని చూపించింది. కవచం అనుకున్నది విషాన్ని బయటికి నెట్టే దారి కూడా కావచ్చన్నమాట. ఇవన్నీ చదివినప్పుడు నాకు కలిగే సంతోషాన్ని మాటల్లో పెట్టలేను.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. 2019లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితాలో ఈ నత్తను అంతరించే ప్రమాదమున్న జాతిగా చేర్చారు. లోతు సముద్రపు తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జంతువు ఇదే. అప్పటి లెక్క ప్రకారం అది ఉన్నది మూడే మూడు చోట్ల: కైరేయ్, సొలిటెయిర్, నైరుతి హిందూ మహాసముద్ర పర్వతశ్రేణిలోని లాంగ్‌చీ. వీటిలో రెండు చోట్లు అప్పటికే ఖనిజాల అన్వేషణ ఒప్పందాల పరిధిలో ఉన్నాయి. తర్వాత ఇంకొన్ని చోట్ల కూడా కనిపించింది. అయినా ఒక్కో చోటూ చాలా చిన్నది.

2021లో వేడినీటి బుగ్గలకే పరిమితమైన 184 మొలస్కా జాతులను (నత్తలు, ఆల్చిప్పల వంటి మెత్తటి ఒళ్లున్న జంతువులను) ఇలాగే అంచనా వేస్తే, 62 శాతం ప్రమాదంలో ఉన్నాయని తేలింది. ఆ 184 జాతులూ పేరున్నవి. పేరు లేనివి ఆ లెక్కలోకే రాలేదు. మన ఊళ్లో మనిషి ఎదురుగా నిలబడినా, కార్డులో పేరు లేదంటే రేషన్ ఇవ్వరు. నత్తకు కూడా అంతే. 2003లో ప్రపంచమంతా దాన్ని చూసి ఆశ్చర్యపోయింది, అయినా 2015 దాకా దాన్ని ఏ జాబితాలోనూ చేర్చడానికి వీల్లేకపోయింది. ఆ పన్నెండేళ్లలో కైరేయ్‌లో తవ్వకం జరిగి ఉంటే?

ఈ ప్రశ్న ఇప్పుడు మనకు దూరపు ప్రశ్న కాదు. మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర పర్వతశ్రేణుల్లో 10,000 చదరపు కిలోమీటర్లలో లోహ సల్ఫైడుల అన్వేషణకు అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో భారత్ 2016లో ఒప్పందం చేసుకుంది. 2025లో కార్ల్స్‌బర్గ్ పర్వతశ్రేణికి మరో ఒప్పందం కుదిరింది. లోహ సల్ఫైడులంటే వేడినీటి బుగ్గలు పేర్చిన గుట్టలే. ఈ నత్తల ఇళ్లు కూడా అవే. రాగి, జింకు, బంగారం అక్కడున్నాయి. కరెంటు బండ్లకూ, తీగలకూ రాగి కావాలి, నాకూ తెలుసు. అన్వేషణను నేను వ్యతిరేకించడం లేదు. అన్వేషణ వల్లే కదా ఈ నత్తలు మనకు కనిపిస్తున్నాయి. అంతర్జాతీయ జలాల్లో వాణిజ్య తవ్వకాలకు నిబంధనలు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి మనకు కొంత సమయం ఉంది. ఆ సమయాన్ని దేనికి వాడుకుంటాం అన్నదే నా బాధ.

2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ అనే లోతు సముద్ర అన్వేషణ పథకానికి 4,077 కోట్ల రూపాయల అంచనా. అందులో జీవవైవిధ్యానికీ ఒక విభాగం ఉంది, అది మంచి విషయం. కానీ మన యూనివర్సిటీల్లో నత్తల రాడ్యులా చదవగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు? నాకు తెలిసిన మొలస్కా నిపుణుల్లో ఎక్కువమంది రిటైరయ్యారు. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు. కొత్త జాతి వర్ణన రాయడానికి రెండేళ్లు పడుతుంది, దాన్ని ఉదహరించేవాళ్లు తక్కువ, ప్రమోషన్‌కు అది పెద్దగా అక్కరకు రాదు. అలాంటప్పుడు తెలివైన పిల్లలు ఈ దారిలోకి ఎందుకొస్తారు? తప్పు పిల్లలది కాదు. నత్తకు పేరు పెట్టడం అనే పనికి మనం ఉద్యోగం ఇవ్వలేదు.

చెన్నైలో తయారవుతున్న మత్స్య-6000 జలాంతర్వాహనం ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లడానికి ఉద్దేశించింది. అలాంటి వాహనమే జపాన్‌కు ఒకటుంది, షింకాయ్ 6500. దాంట్లో దిగి టోక్యోకు ఆగ్నేయంగా 5,922 మీటర్ల లోతున రాతికి అంటుకున్న ఒక పెద్ద టోపీ నత్తను పట్టుకున్నారు. 2025లో దాన్ని బాథిలెపెటా వడట్సుమి అని వర్ణించారు. వలలు రాళ్ల మీద లాగలేం కాబట్టి ఇలాంటి నత్త వలకు చిక్కదు. రాతి మీద మచ్చలా ఉన్నది నత్త అని, అదీ కొత్తది కావచ్చని అక్కడికక్కడే పోల్చుకోగల కన్ను కావాలి. మత్స్యలో ఉండేవి మూడు సీట్లు. ఒక దిగుబాటులోనైనా ఆ మూడింటిలో ఒకటి అలాంటి కన్నున్న మనిషికి ఇవ్వాలని అడుగుతున్నాను. ఆ మనిషి మన దేశంలో ఈపాటికి ఏదో ఊళ్లో డిగ్రీ చదువుతూ ఉండొచ్చు. ఆమెకు చదువు చెప్పడం ఇప్పుడు మొదలుపెడితే, పదేళ్లకు ఆ సీటుకి తయారవుతుంది.

కిందటి శీతాకాలం మా విద్యార్థులు పదిమందిని హార్బర్‌కి తీసుకెళ్లాను. తెల్లవారుజామున లోతు రొయ్యలకు వెళ్లిన బోటొకటి వచ్చింది. ఒకమ్మాయి చెత్తకుప్పలో కూర్చుని గంటసేపు వెతికి, కదురులాంటి గవ్వ ఒకటి పట్టుకుంది. లోపల నత్త ఇంకా ప్రాణంతో ఉంది. డ్రైవరు దగ్గరికి పరిగెత్తి, "ఎన్ని బారలు బాబాయ్, ఏ ఊరికి ఎదురుగా?" అని అడిగింది. "నూట ఇరవై దాటే ఉంటదమ్మా, పూడిమడక ఎదురుగా లాగాం" అన్నాడాయన. ఆ అమ్మాయి చీటీ తీసింది. నా వైపు చూసింది. నేను జేబులోంచి పెన్సిలు తీసి ఇచ్చాను.